అరకు: స్టీరింగ్ పట్టాలా, కిటికీ పక్కన కూర్చోవాలా?

విశాఖలో ఇల్లుంటే డిసెంబరులో చుట్టాలు తప్పరు. వచ్చిన రెండో రోజే అరకు మాట వస్తుంది. ఆ వెంటనే ఇంట్లో పార్టీలు తయారవుతాయి. "మన కారుంది కదా, హాయిగా వెళ్లొద్దాం" అని బావగారు. "అద్దాల రైలంట, అందులోనే వెళ్దాం" అని పిల్లలు. "టూరిజం వాళ్ల బస్సెక్కితే భోజనం కూడా వాళ్లే పెడతారటగా" అని మా అత్తగారు. ఈ పంచాయితీ నేను చాలాసార్లు తీర్చాను. కారు నడుపుకుంటూ వెళ్లాను, రైల్లో వెళ్లాను, ప్యాకేజీలో వెళ్లాను, ట్యాక్సీ మాట్లాడుకునీ వెళ్లాను.

మొదటిసారి కారు నేనే నడిపాను. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి "అటు చూడండి, లోయంతా మబ్బులే" అని మా ఆవిడ పదిసార్లయినా అని ఉంటుంది. నాకు కనిపించింది మాత్రం ముందు వెళ్తున్న లారీ వెనక రాసిన "హారన్ ప్లీజ్". లోయని ఇంటికొచ్చాక ఫోన్లో చూసుకున్నాను. అప్పటినుంచి "కారా, రైలా" అని ఎవరైనా అడిగితే, "ఏ ముక్కకి?" అని ఎదురు అడుగుతున్నాను. ప్రయాణం మొత్తానికి ఒకటే బండి అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

మొదటి పని: దారిని ముక్కలు చేయండి

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా మైదానమే. ఎస్.కోట అంటారు అందరూ. ఈ ముక్కలో ట్రాఫిక్, స్పీడు బ్రేకర్లు తప్ప చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఏ బండిలో వెళ్లినా ఒకటే.

రెండో ముక్క ఘాట్. అసలు అందమంతా ఇక్కడే, అసలు కష్టం కూడా ఇక్కడే. రోడ్డు, రైలు పట్టా వేర్వేరు కొండవాలుల మీదుగా ఎక్కుతాయి కాబట్టి రెండు దారుల్లో కనిపించేవి కూడా వేరు. రోడ్డు మీద కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆగి కిందికి చూడొచ్చు. రైల్లోనైతే లోయ అంచునే వెళ్తున్నట్టుంటుంది. ఒక సొరంగంలోంచి బయటపడి ఊపిరి పీల్చేలోపు ఇంకోటి. కొత్తవలస–కిరండూల్ లైను మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్నుంచి జపానుకి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇప్పటికీ దీని మీద గూడ్సు బండ్లదే రాజ్యం. మన బండి ఎక్కడైనా ఊరికే ఆగిపోయిందంటే ఎదురుగా ఖనిజం దిగుతోందని అర్థం చేసుకోవాలి.

మూడో ముక్క పైన తిరగడం. బొర్రా గుహలు, కటికి జలపాతం, అరకులో పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, డుంబ్రిగుడ వైపు చాపరాయి. ఇవన్నీ ఒక్కచోట లేవు. బొర్రా నుంచి అరకుకే రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల పైన ఉంటుంది. ఇక్కడ రైలు ఎందుకూ పనికిరాదు, చేతిలో బండి ఉండాల్సిందే.

నాలుగోది దిగడం. దీని గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. సాయంత్రానికి అందరూ అలిసిపోయి ఉంటారు, పిల్లలు నిద్రలో ఉంటారు, చలికాలంలో ఐదున్నర దాటితే చీకటి. చూడ్డానికేమీ ఉండదు, ప్రమాదం మాత్రం ఎక్కువ. ఈ ముక్కలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చుకోండి.

రెండో పని: ఎవరెవరు వస్తున్నారో చూడండి

ఎంతమంది అన్నది తర్వాత, ఎలాంటివాళ్లు అన్నది ముందు.

మలుపులు తిరిగితే వాంతులయ్యే పిల్లలు ఇంటికొకరు ఉంటారు. రైలు మలుపులు రోడ్డంత ఇరుకు కావు, కుదుపు తక్కువ, లేచి అటూ ఇటూ తిరగొచ్చు. కాబట్టి అలాంటి పిల్లలతో ఎక్కేటప్పుడు రైలే నయం. రోడ్డు తప్పదంటే ఖాళీ కడుపుతోనో, నిండా ఇడ్లీలు కుక్కేసో ఘాట్ ఎక్కించకండి. కొంచెం తినిపించి, ముందు చూపు ఆనేచోట కూర్చోబెట్టి, చేతిలోంచి ఫోను తీసేసుకోండి. ఫోను చూస్తూ మలుపులు తిరిగితే పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర కావాలంటే డాక్టరుని ముందురోజే అడిగి పెట్టుకోవాలి. మా చెల్లెలు నిమ్మకాయ వాసన చూపిస్తుంది. పనిచేస్తుందో లేదో గాని పిల్లాడికి ధైర్యం వస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే బొర్రా గురించి ఆలోచించాలి. గుహలోకి మెట్లు దిగాలి, మళ్లీ అవన్నీ ఎక్కాలి, తడి ఉన్నచోట జారుతుంది. ప్యాకేజీ బస్సులో వాళ్లిచ్చిన సమయానికి అందరూ తిరిగి రావాలి. మా అత్తగారు పావు వంతు మెట్లు దిగి "మీరెళ్లి రండి నాయనా" అని కూర్చుండిపోయారు. ఆవిణ్ని అక్కడ వదల్లేక మా ఆవిడ గుహ చూడలేదు. అదే సొంత ట్యాక్సీ అయితే ఆవిడ దర్జాగా కారులో కూర్చుని వేయించిన మొక్కజొన్న పొత్తు తినేవారు.

చంటిపిల్లలుంటే టాయిలెట్టు, పాల సీసా, నిద్ర వేళలు. సుగర్ ఉన్నవాళ్లుంటే వేళకి తిండి. ఘాట్ రోడ్డులో కోరుకున్నచోట టాయిలెట్టు దొరకదు, రైల్లో ఉంటుంది. కోరుకున్నచోట ఆగడం కారులో కుదురుతుంది, రైల్లో కుదరదు. మీ ఇంట్లో ఈ రెండిట్లో ఏ అవసరం పెద్దదో మీకే తెలుస్తుంది.

మూడో పని: డ్రైవరుకి నిజాయితీగా పరీక్ష పెట్టండి

"ఇరవయ్యేళ్ల నుంచి నడుపుతున్నా" అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. హైవే మీద ఇరవయ్యేళ్లు వేరు, ఘాట్ మీద రెండు గంటలు వేరు. ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

ఎత్తు మీద ఆగిన కారుని వెనక్కి జారనివ్వకుండా హ్యాండ్ బ్రేకు మీద కదిలించగలరా? హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే టెన్షన్ పడకుండా నాలుగడుగులు రివర్సు చేయగలరా? దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా గేరు మీద దించడం తెలుసా? పొగమంచులో ఇదివరకు ఎప్పుడైనా నడిపారా?

వీటిలో రెండిటికి "ఏమో" అన్న జవాబొస్తే ఘాట్ ముక్క వేరేవాళ్లకి అప్పజెప్పడం మంచిది. అందులో నామోషీ ఏం లేదు.

మూడో ప్రశ్న జవాబు నాకు ఆ మొదటిసారి తెలియదు. దిగుతున్నంతసేపూ బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. త్యాడ దాటాక ఏదో కాలుతున్న వాసన. పక్కన ఆపితే చక్రాల దగ్గర వేడి సెగ కొడుతోంది. అక్కడ టీ కొట్టు దగ్గరున్న జీపు డ్రైవరొకాయన వచ్చి చూసి, "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాల బాబూ" అని, అరగంట చల్లారనివ్వమన్నాడు. ఆ అరగంటలో నేర్చుకున్నది డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. హైదరాబాద్ నుంచి ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చి, మర్నాడే ఘాట్ ఎక్కేవాళ్లని చూస్తుంటాను. డ్రైవరు ఎంత ఘనుడైనా నడుము ఒకటే కదా. మధ్యలో ఒక రోజు బీచ్ చూడండి.

డబ్బు లెక్క

దీనికి ఎక్కువసేపు అక్కర్లేదు. సొంత కారుకి రానూ పోనూ, పైన తిరుగుడూ కలిపి 350 కిలోమీటర్లనుకోండి. ఘాట్ మీద మైలేజీ పడిపోతుంది, లీటరుకి 12 అనే వేసుకోండి. 29 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున దాదాపు 3,200. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి ఇంతకంటే చవగ్గా ఏదీ రాదు, ఆర్టీసీ బస్సు, రైల్లో మామూలు బోగీ తప్ప. ఆర్టీసీ బస్సులు విశాఖ కాంప్లెక్సు బస్టాండు నుంచి ఉన్నాయి, వాటి డ్రైవర్లకి ఆ ఘాట్ అరచేతిలో గీతలంత తెలుసు. కానీ గాలికొండ దగ్గర మన కోసం ఆపరు.

ప్యాకేజీ మనిషికింత అని ఉంటుంది కాబట్టి ఇద్దరికి చవక, ఆరుగురికి ఖరీదు. ట్యాక్సీ బండికింత కాబట్టి సరిగ్గా తిరగబడుతుంది. నలుగురి దగ్గర రెండిటి ధరా పక్కపక్కన పెట్టి చూసుకోండి, చాలావరకు అక్కడే తేలుతుంది.

రైలు అనుకుంటే

విశాఖ–కిరండూల్ పాసింజరు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. బొర్రా గుహలు స్టేషనుకి పది ప్రాంతాల, అరకుకి పదకొండు ప్రాంతాల చేరుతుంది, గూడ్సు దేవుడు కరుణిస్తే. 2017 ఏప్రిల్ నుంచి దీనికి విస్టాడోమ్ బోగీ తగిలిస్తున్నారు. పిల్లలు అద్దాల రైలు అనేది దీన్నే. పెద్ద కిటికీలు, పైకప్పులో అద్దాలు, తిరిగే సీట్లు. సీటు తిరుగుతుంది కాబట్టి ఏ పక్క దొరికిందన్న బెంగ సగం తీరుతుంది.

టికెట్టు ప్రయాణానికి 60 రోజుల ముందు, ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. డిసెంబరు, జనవరి శని ఆదివారాలకి ఆ రోజే కూర్చుని బుక్ చేయాలి. ఐఆర్‌సీటీసీలో తరగతి దగ్గర విస్టాడోమ్ ఎంచుకోవడం మర్చిపోకండి. అది దొరక్కపోతే బాధపడనక్కర్లేదు. నా మటుకు నాకు స్లీపర్ బోగీయే ఇష్టం. కిటికీకి అద్దం అడ్డం లేకుండా చల్లగాలి తగులుతుంది, సొరంగంలోకి వెళ్లగానే బోగీ అంతా కలిసి కేకలు పెడుతుంది. ఏసీ అద్దాల వెనక ఆ కేకలు లేవు. పిల్లల చేతులు మాత్రం కిటికీ లోపలే ఉండాలి.

ఎక్కడ దిగాలన్నది అసలు ప్రశ్న. బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలై శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి మీదుగా బొర్రా వరకు ఉన్నదే బాగా చూడాల్సిన భాగం. అందుకే చాలామంది బొర్రాలో దిగి గుహలు చూసుకుని రోడ్డు మీద అరకు వెళ్తారు. ఒక్కరోజు ప్రయాణమైతే అదే తెలివైన పని, వెనక్కి రావాల్సిన పనుండదు. అయితే దిగేసరికి బండి సిద్ధంగా ఉండాలి. అప్పటికప్పుడు స్టేషను బయట బేరమాడితే మీ అవసరం వాళ్లకి తెలిసిపోతుంది. రాత్రి అరకులోనే బస అయితే తిన్నగా అరకు దాకా వెళ్లండి. దారిలో వచ్చే శిమిలిగూడ 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది.

హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చి అదే ఉదయం ఈ బండి అందుకుందామనే ప్లాను వద్దు. గంట తేడాలో రెండు రైళ్లని నమ్మడం జూదం. తిరుగు ప్రయాణం రైల్లో పెట్టుకోవద్దని కూడా చెప్తాను. సాయంత్రం బండి ఆలస్యమైతే ఘాట్ అంతా చీకట్లోనే దిగుతుంది, కిటికీలో మీ మొహమే మీకు కనిపిస్తుంది. వానాకాలంలో అప్పుడప్పుడు పట్టాల మీద కొండచరియలు పడి బండి ఆపేస్తారు కూడా. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తుంటే రోడ్డు దారి కూడా చేతిలో ఉంచుకోండి.

ప్యాకేజీ అనుకుంటే

ఏపీటీడీసీ, అంటే రాష్ట్ర టూరిజం సంస్థ వాళ్ల రైలు కమ్ రోడ్డు టూరు చాలాకాలం నుంచి ఉంది. రైల్లో తీసుకెళ్లి, పైన బస్సులో తిప్పి, బస్సులోనే కిందికి తెస్తారు. టిఫిను, భోజనం, గిరిజనుల థింసా నృత్యం అన్నీ అందులోనే. ఇంట్లో ఎవరికీ ఏ తలనొప్పీ ఉండదు. ఇలాంటివి ప్రైవేటు వాళ్లవీ ఉన్నాయి. డబ్బు కట్టేముందు ఇవి అడగండి: రైల్లో ఏ తరగతి? ఎంట్రీ టికెట్లు కలిపేనా? బొర్రా దగ్గర ఎంతసేపు ఇస్తారు? పిల్లలకి సీటు ఇస్తారా, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలా? రైలు రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, బస్సులో తీసుకెళ్తారా? చివరి ప్రశ్న అడక్కుండా ఒకసారి ఒక ప్రైవేటు ఏజెంటు దగ్గర కట్టి, ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చాం.

ప్యాకేజీలో పోయేది ఒకటే, తీరిక. బొంగు చికెన్ కాలడానికి అరగంటకు పైనే పడుతుంది, బస్సు ఆగదు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టుంటాయి, బస్సు కిటికీలోంచే దండం పెట్టుకోవాలి. వాటి కోసమే వెళ్తున్నవాళ్లకి ప్యాకేజీ నప్పదు.

ట్యాక్సీ మాట్లాడుకుంటే

నంబరు ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనం నడుపుకునే అద్దె కారు. తెల్ల ప్లేటు కారు చవగ్గా ఇస్తానంటే వద్దనండి, అద్దెకి తిప్పకూడని బండి అది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు మీకే.

రోజుకి కనీసం ఇన్ని కిలోమీటర్లని కడతారు, సాధారణంగా 250 లేదా 300. దానికి డ్రైవరు బత్తా, రాత్రి ఉంటే ఆ బత్తా, టోలు, పార్కింగు ఎవరివో వాట్సాప్‌లో రాయించుకోండి. ధర కన్నా ముఖ్యంగా అడగాల్సింది "డ్రైవరు ఆ ఘాట్ తరచూ ఎక్కుతాడా?" అని. అరకు దాటి ఒడిశాలో కోరాపుట్, జయపురం వైపు వెళ్లే ఆలోచనుంటే పర్మిట్ సంగతి ముందే చెప్పాలి. డ్రైవరుకి వేళకి భోజనం పెట్టించండి, రాత్రి పడుకోవడానికి చోటుందో లేదో కనుక్కోండి. మర్నాడు మిమ్మల్ని కిందికి దించాల్సింది ఆయనే.

సొంత కారే అనుకుంటే

బయల్దేరే ముందు బ్రేకులు, టైర్లు, కూలెంటు చూపించండి. ఎస్.కోటలో ట్యాంకు నింపండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి కదిలితే మైదానం ఖాళీగా దొరుకుతుంది. డిసెంబరు ఆదివారం ఎనిమిదింటికి కదిలితే గుహల దగ్గర పార్కింగ్ కోసమే గంట పోతుంది.

ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాలి, దిగేవాళ్లు ఆగాలి. ప్రతి మలుపు ముందూ హారన్. మలుపులో ఓవర్‌టేక్ వద్దే వద్దు, వెనక ఎవడెంత హారన్ కొట్టినా. దిగేటప్పుడు రెండో గేరు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోకో, ఎల్ (లో గేరు) లోకో మార్చాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందామనుకునే మహానుభావులున్నారు, వాళ్ల వెనక వెళ్లకండి. పొగమంచులో లైటు డిమ్‌లో ఉంచాలి. బ్రైట్ వేస్తే ఎదురుగా తెల్ల గోడే కనిపిస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపితే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకి తెలియదు.

కటికి జలపాతానికి మాత్రం మీ కారు పనికిరాదు. బొర్రా దగ్గర వదిలి అక్కడి జీపు ఎక్కాల్సిందే. ఆ దారి చూశాక కారు వదిలినందుకు సంతోషిస్తారు.

చుట్టాలకి నేను చెప్పే ప్లాను

ఒక రాత్రి ఉండేలా. ఎక్కడం రైల్లో, అందరూ. బొర్రాలో ట్యాక్సీ సిద్ధంగా ఉంటుంది, అదే రెండు రోజులూ తిప్పి కిందికి దించుతుంది. రైలు దిగగానే డ్రైవరుకి ఫోను కలవకపోవచ్చు కాబట్టి "స్టేషను గేటు దగ్గర" అని ముందురోజే అనుకోవాలి. కాలు కదపలేని పెద్దవాళ్లుంటే రైలు మానేసి మొత్తం ట్యాక్సీయే.

కారు మీద మమకారం చావని బావగారి కోసం ఇంకో పద్ధతి కనిపెట్టాం. కారులో ఇద్దరు డ్రైవర్లు తెల్లవారుజామున బయల్దేరి బొర్రా చేరతారు, మిగతావాళ్లు రైల్లో వస్తారు. మరుసటి ఏడు ఆ ఇద్దరికీ రైలు, కారు వేరేవాళ్లకి. మా ఇంట్లో ఈ వంతు కాగితం మీద రాసి ఉంది, పోయినేడాది బావగారు దాన్ని దాచేశారు.

వంజంగి మేఘాల కోసమో, లంబసింగి చలి కోసమో వెళ్లేవాళ్లకి రైలు ఉపయోగం లేదు. వంజంగిలో సూర్యోదయానికి కొండ మీద ఉండాలంటే చీకట్లోనే కదలాలి. ముందురోజు పాడేరు చేరి అక్కడే పడుకోండి, కొత్తవాళ్లయితే అక్కడి బండి, అక్కడి డ్రైవరుని పెట్టుకోండి. ఘాట్ ఇంకెక్కడైనా నేర్చుకోవచ్చు గాని తెల్లవారుజామున మూడున్నరకి మంచులో మాత్రం కాదు.

అరకు నుంచి తిరుగు ప్రయాణానికి మూడింటికల్లా బండెక్కండి. ఐదయ్యేలోపు ఘాట్ దిగిపోతారు, ఎస్.కోటలో టీ తాగేటప్పటికి ఇంకా వెలుతురుంటుంది.